లెక్క

మా తాడిపత్రి దిక్కు
దుడ్డును కూడా లెక్క అనే అంటారు.
"లెక్క ఉండాదా?" అంటే
చేతిలో ఏమన్నా ఆడతాందా అని.
నేను లెక్క రాసే పేజీలో
లెక్క ఎప్పుడూ ఉండదు.

గ్యాస్ బుక్కు వెనక అట్ట మీద రాస్తా.
శనివారం సందకాడ దస్తగిరి వస్తాడు
బండల పాలిష్ ఫ్యాక్టరీ నుంచి,
కనురెప్పల మీద కూడా రాతిపొడి.
దినానికి ఐదునూర్ల యాభై.
ఈ వారం రెండు దినాలు కరెంటు లేదు,
మిషను తిరక్కపోతే కూలి తిరగదు.
నాలుగు దినాలకు రెండువేల రెండునూర్లు.
ముందు చేతులు కడుక్కొమ్మంటా,
తర్వాతనే ఆ నోట్లు తీసుకుంటా.

బాడుగ ఏడో తేదీ.

ముబీనాకి మూడున్నర ఏండ్లు.
వేళ్ళు మడుస్తా చెప్తాది:
నాలుగు, ఐదు, ఆరు, ఎనిమిది.
ఏడు రాదు ఆ పిల్లకి.
అంగన్‌వాడీ టీచరు
ఇంటికాడ దిద్దమని చెప్పి పంపింది.
నేను దిద్దలేదు.
మా ఇంట్లో ఒక్కరన్నా
ఏడో తేదీ లేకుండా బతకనీ.

పొద్దున్నే ఉగ్గాని.
బొరుగులంటే నాకు గౌరవం.
సంచి నిండా ఉంటాయి, ఎత్తితే బరువుండదు,
నీళ్ళలో వేసి పిండితే
ఇంత పిడికెడు.
మా శనివారం మాదిరే.
అర్ధ లీటరు పాలల్లో పిల్ల గ్లాసు పక్కన పెట్టి
మిగిలినవాటికి నీళ్ళు కలుపుతా.
నీళ్ళు ఎక్కువైన దినం
"ఈ పొద్దు టీ మెత్తగుండాది" అంటాడు దస్తగిరి.
ఇంకేమీ అనడు.

నిజం చెప్పాలంటే
ఒక్కోసారి కావాలనే తప్పు రాస్తా.
పిల్లకి కొన్న బుడగ
అట్ట మీద ఎర్రగడ్డలు అవుతాది.
ఆయన బీడీలు ఆటో చార్జీ అవుతాయి.
ఇద్దరికీ తెలుసు.
ఈ పేజీలో చెల్లేది అదొక్కటే.

చెల్లనివి వేరే ఉండాయి.
పది రూపాయల బిళ్ళలు.
మా వీధి అంగట్లో చిన్నోబులేసు
వాటిని ఎంగిలి విస్తరి మాదిరి చూస్తాడు.
ఎవరన్నా అంటగడితే తెచ్చి
పాప పౌడరు డబ్బాలో వేస్తా.
ఆ డబ్బా ముబీనా అంగడి.
మంచం కింద తెరుస్తాది, మంచం కిందనే మూస్తాది.
సీసా మూతలు గుడ్లు, చీపురుపుల్లలు మునక్కాయలు.
బేరం లేదు.
చిల్లర మాత్రం ఎక్కువ ఇస్తాది.

బేస్తవారం రాత్రి దగ్గు పట్టుకుంది.
పక్క మీద కూర్చోబెట్టి వీపు రుద్దినా,
వాము కాచి పోసినా.
ఎనిమిదిన్నరకు మందుల షాపుకు ఫోన్ చేసినా,
సీసా నూట ఇరవై అన్నాడు,
తొమ్మిదికి మూసేస్తాడంట.
నా పర్సులో నలభై మూడు.
ఆయన జేబులో అగ్గిపెట్టె.

మంచం కిందికి వంగినా.
"ఎవరూ?" అనింది ముబీనా, దగ్గుతానే.
"నేనేమ్మా, అంగడి తీస్తావా?"
దుప్పటి తోసేసి వచ్చి కూర్చునింది.
డబ్బా నా ఒళ్ళో బోర్లించింది.
ఒక్కొక్క బిళ్ళా నా అరచేతిలో పెడతా
చిన్నోబులేసు గొంతుతోనే లెక్కబెట్టింది.
ఐదు, ఆరు, ఎనిమిది, తొమ్మిది, పది.
నా చేతిలో తొమ్మిదే ఉండాయి.

"అప్పా, లెక్కా?" అనింది.
"అప్పే" అన్నా.
సుద్దముక్క తీసుకుని
గడపకాడ నల్లబండ మీద
పది గీతలు గీసింది.

మందుల షాపు పిల్లోడు
బిళ్ళల్ని చూసినాడు, నన్ను చూసినాడు,
మాట్లాడకుండా సొరుగులో వేసుకున్నాడు.
పదమూడు రూపాయలతో ఇల్లు చేరినా.

శుక్రవారానికి దగ్గు తగ్గింది.
శనివారం లెక్క వచ్చింది, పోయింది.
చిన్నోబులేసుకు కట్టినా, పాలామెకు కట్టినా.
ముబీనాకు ఇంకా కట్టలేదు.
అడగదు.
పొద్దున బండలు తుడిచేటప్పుడు
ఆ పది గీతల కాడికి వచ్చేసరికి
గుడ్డ పక్కకు తిప్పుతాండా.