తరుగు

"ఎన్నాళ్లొస్తాదబ్బయా ఒకసారి ఛార్జింగ్ పెడితే?"
కాటా మీద బండి ఆపి
నా కిటికీలో తల పెట్టిన ప్రతి డ్రైవరూ ఇదే.
ఏం చదవతన్నావని అడిగినోడు
చీమకుర్తి రోడ్డు మీద ఇంతవరకు లేడు.

అట్టపెట్టె మీద ఆరు వారాలని ఉంది.
పక్కనే ఒక చుక్క.
చుక్క వెంట పోతే అడుగున చీమ తలకాయంత అక్షరాలు:
రోజుకి అరగంట చదివితే,
వెలుతురు తగ్గించుకుంటే,
వైఫై కట్టేసుకుంటే.

నాది తూకం ఉద్యోగం.
లోడు బండి బరువులో ఖాళీ బండి బరువు తీసేస్తే
మిగిలిందే రాయి.
అట్టా ఆరు వారాల్లోంచి షరతులన్నీ దింపేశాను.
ఇరవై ఒక్క గంట మిగిలింది.

బండికీ బండికీ మధ్య
రాత్రికి నాలుగు గంటలన్నా చదువుతాను.
ఆరో రాత్రి టీ చల్లారక ముందే సరి.

ఆ అరగంట మనిషెవరో
ఒకసారి చూడాలని ఉంటుంది.
దోమలుండవు కాబోలు ఆయనింట్లో.
గంట ముల్లు చూసుకుని
హంతకుడు తలుపు తోస్తున్నా సరే
మూసేసి దుప్పటి కప్పుకుంటాడు.
మంచాయనే అయ్యుంటాడు.
ఆయన బతుకు కొలిచి నా చేతిలో పెట్టారు, అంతే.

అదీ కొత్తదానికి.
నాది పాలిషింగ్ ఫ్యాక్టరీ లెక్కల మేడమ్
ప్రసూనాంబ గారు వాడి వదిలింది.
"ముసలిదైంది జిలానీ, మరీ ఆశ పెట్టుకోకు" అనే ఇచ్చింది.
మూడేళ్ల తరుగు కొట్టేస్తే
పద్నాలుగు గంటలు.

పర్మిటులో రాసిన బరువుకి ఆగిన బండిని
నేను చూళ్లేదు.
ఇక్కడ అన్నీ కాగితానికన్నా ఎక్కువే తూగుతాయి.
ఇదొక్కటే తక్కువ తూగింది.

నూట్నించి అరవై దాకా
కొత్తల్లుడిలా కుర్చీలోంచి కదలదు.
ఇరవై దాటిందా,
క్వారీ దిగుడులో బ్రేకు తెగిన టిప్పరే.

బయట వరసలో నల్లరాళ్లు.
హెడ్‌లైటు తగిలితే లోపల్లోపల బంగారు రవ్వలు.
వాటికి ఎప్పుడు పెట్టారో ఛార్జింగ్,
ఎవడు పెట్టాడో,
ఇంకా దిగలేదు.

రోహిణి కార్తె. ఏడింటికి పోయిన కరెంటు
పదకొండైనా రాలేదు.
ఇన్వర్టరు కాటాకీ కెమెరాకీ,
కథలకి కాదని ఓనరు మాట.
మూడు. రెండు.
పడవ దిగిన మనిషి చేతిసంచిలో చెయ్యి పెట్టి

అక్కడ ఆగింది.
పేజీ పోలేదు, ఉంది. తిరగదు.
గోడకి కొట్టిన పోస్టరులా అట్నే ఉంది.

"ఏందట్టా చూస్తన్నావు?" అన్నాడు మాలకొండయ్య.
కృష్ణపట్నం లోడు. నా ప్రింటరు నిదానం.
చెప్పాను.
"ఐతే సంచిలో ఏముండాది?"
తాళంచెవి, అన్నాను, నోటికొచ్చి.
"ఎవురిది?"
బిల్లు బయటికొచ్చేలోపు
చచ్చిపోయిన ఒక అన్న, అమ్ముడుపోని ఒక ఇల్లు,
తుప్పు పట్టిన గేటు, గేటవతల ఒక కుక్క
వచ్చి చేరాయి.
కుక్కని దాటకుండానే బండి కదిలింది.

తెల్లారి కరెంటొచ్చాక చదివితే
సంచిలో చేతిరుమాలు.
ముక్కు తుడుచుకుంది.

నాలుగో రాత్రి ఖాళీ బండితో వచ్చాడు.
కావలి దగ్గర టీ కొట్లో చెప్పాడంట,
పోర్టు గేటు క్యూలో చెప్పాడంట.
కుక్కకి ఒక కన్ను లేదంట ఇప్పుడు.
అన్న చావలేదంట,
వెనక గదిలోనే ఉన్నాడంట.
కాటా చూశాను.
పదిహేను టన్నుల నాలుగొందలు.
పోయినసారి ఖాళీగా వచ్చినప్పుడూ అంతే.

"ఎంతుండాది దాంట్లో?" అన్నాడు
నా చేతిలోకి చూస్తా.
నలభై రెండుంది.
తిప్పి బల్ల మీద బోర్లా పెట్టాను.
"అయిపోవచ్చింది మాలకొండన్నా" అన్నాను.

ఇంజను ఆపి
కిందికి దిగాడు.