నీలి బండ

తెల్లవారుజామున అయిదింటికి
కెటిల్ కింద మంట ముందు పొట్టిదైంది,
తరవాత పసుప్పచ్చనైంది,
తరవాత, ఏదో అడగబోయి మానుకున్న మనిషిలా,
లేదు.

"బండ అయిపోయింది" అన్నాను రగ్గుల్లోంచి.
"శనివారం తెచ్చిందే" అన్నాడు లాఖ్లన్.
మూడు స్వెటర్లు, నా గులాబీరంగు టోపీ,
పళ్ల మధ్య టార్చి కరుచుకుని దిగాడు.
కారవాన్ మెట్టు కిర్రుమంది, మంచు కరకరమంది.
ఆయన తిట్లు అద్దంలోంచి ఆవిరిగా కనిపించాయి,
వినపడలేదు.

అబర్డీన్ డిపోలో నలభై ఏళ్లు
బస్సులు బాగుచేసిన చేతులు.
వాల్వు తిప్పి చూశాడు, తెరిచే ఉంది.
గొట్టం తడిమాడు, మడత లేదు.
సబ్బు నురగ రాస్తే నురగ అక్కడికక్కడే గడ్డకట్టి
లీకుందో లేదో చెప్పకుండా ఊరుకుంది.
రెగ్యులేటరు మీద తెల్లటి నూగు.
వేలితో గీకి, వాసన చూసి,
కిటికీలో ఉన్న నాకేసి తల అడ్డంగా ఆడించాడు.

ఆఖరికి బండని పట్టుకుని ఊపాడు.
నిండు కుండ తొణకదంటారు గానీ
ఇది నిండుగానే ఉంది, తొణుకుతూనే ఉంది,
ఇవ్వడం ఒక్కటే మానేసింది.

రోడ్లకు ఉప్పు చల్లే లారీ ఆపి
యూనా కొడుకు కోల్ గోడ మీంచి తొంగిచూశాడు.
పంతొమ్మిదేళ్లు. గడ్డం రావాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు.
"నీలి బండ తెచ్చారేంటి ఈ చలికి? అది బ్యూటేను.
సున్నా దగ్గర ఆవిరి కాదు, నీళ్లలా చతికిలబడుతుంది.
ఎర్రది కావాలి మీకు, ప్రొపేను.
దానికి ఈ చలి ఒక లెక్క కాదు.
మంట మాత్రం చూపించకండి దీనికి.
కిందటేడు ఒకాయన బ్లోలాంపు పట్టుకొచ్చి..."
ఆ ఒకాయన ఏమయ్యాడో చెప్పకుండానే
లారీ ఎక్కి ఉప్పు చల్లుకుంటూ పోయాడు.

కొట్టు తొమ్మిదికి గానీ తెరవరు.
అందాకా గోరువెచ్చని నీళ్లు పోస్తే కాస్త కదులుతుందట.
గ్యాసు రావాలంటే నీళ్లు కాగాలి.
నీళ్లు కాగాలంటే గ్యాసు రావాలి.
ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

పది అడుగుల్లో మా ఇల్లుంది.
డిసెంబరులో డీ నది వంటింట్లోకొచ్చి
మూడు రోజులుండి వెళ్లిన ఇల్లు.
బీమా వాళ్ల యంత్రాలు నాలుగు
ఆరు వారాలుగా గోడల్లోంచి తడి పీలుస్తున్నాయి.
వాటితో పాటు ఇంకేం పెట్టినా ఫ్యూజు ఎగిరిపోతుంది.
అందుకే మాకు గ్యాసు తప్ప గతి లేదు.
రోజూ ఆయనే వెళ్లి డబ్బాల్లో నీళ్లు పారబోసి వస్తాడు.
నేను వెళ్లలేదు.
మోకాళ్లన్నాను. జలుబన్నాను.

కానీ మేడ మీద పాత కరెంటు కెటిల్
ఎక్కడుందో నాకు తప్ప తెలీదు.

యంత్రాలు ఒక్కొక్కటే ఆపాను.
నాలుగోది ఆగాక ఇంట్లో ఏం వినిపించిందంటే,
మేడ మీద గడియారం.
అది ఆగలేదన్న సంగతి ఆయన నాకు చెప్పనే లేదు.

గోడ మీద నీటి గీత నా రొమ్ముల దాకా ఉంది.
పక్కనే మా ఐల్సా ఎత్తు కొలిచిన పెన్సిల్ గీతలు.
ఏడేళ్లది నీళ్లలో కలిసిపోయింది,
తొమ్మిదేళ్లది తల పైకెత్తి నిలబడింది.

మరిగిన నీళ్లకు చన్నీళ్లు తొరిపి
మోచెయ్యి ముంచి చూశాను, పసిపిల్లకి స్నానమన్నట్టు.
రెగ్యులేటరు తడవకుండా
ఇద్దరం బండ భుజాల మీద పోశాం.
మంట నీలంగా ఓ పావుగంట వెలిగి
మళ్లీ మనసు మార్చుకుంది.

తొమ్మిదింటికి ఎర్ర బండ వచ్చింది.
దాని మర ఎడమవైపు తిరుగుతుంది, మా గొట్టం దానికి పట్టదు.
లాఖ్లన్ తిట్టుకుంటూ మళ్లీ కొట్టుకెళ్లాడు.
ఈసారి వినపడ్డాయి.

ఆయన వచ్చేలోగా ఇంట్లోనే టీ పెట్టుకున్నాను,
యంత్రాలన్నిటినీ
ఇంకో నాలుగు నిమిషాలు ఊరకే ఉండనిచ్చి.
నిలబడే తాగాను.
కుర్చీలు ఇంకా చెమ్మగానే ఉన్నాయి.