పన్నెండు వందల బ్యూక్

కివెలా ముసలాయన పద్నాలుగు వందలన్నడు.
మేం పదకొండన్నం.
ఆయన సరస్సు దిక్కు చూసిండు, మేం టైర్ల దిక్కు చూసినం.
నవంబరు మొదటివారం. డులూత్‌ల అప్పటికే
గాలి చెంపల మీద చెయ్యి చేసుకుంటున్నది.

బర్రెను బేరం చేసేటోళ్లు పండ్లు చూస్తరు.
హోదాన్ అట్టపెట్టె చింపి పరిచి, ఎల్లకిల పండుకొని
కారు కడుపు చూసింది. నేను ఫోను లైటు పట్టుకున్న.
కుమ్మరింట్ల కుండను కొట్టి చూసినట్టు
వేలి కణుపుతోని టక్కుటక్కుమని కొట్టుకుంట పోయింది.
రెండు జాగలల్ల మంచిగనే మోగింది.
మూడో జాగల వేలు లోపటికే పోయింది.
"జంగు" అన్న.
ఆమెకు ఆ మాట తెల్వది. నా అరచేతుల ఎర్రపొడి పోసి
"రెండు వందలు తగ్గాలె" అన్నది, ఆయనకు ఇనపడేటట్టు.
నేను మాత్రం ఊకుంటనా,
గ్లవ్‌బాక్సు కింద పిడికిలంత గుంత చూపిచ్చి
దీనికింకో ఇరవై అన్న.
ఆయన గుంత దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు,
ఏం అనలే.
రెండు వందలు తగ్గిచ్చిండు గని ఇరవై తగ్గియ్యలే.

గుర్రం గుడ్డిదైనా దాణా తక్కువ తింటదా?
బ్యాటరీ నూట నలభై. మంచుటైర్లు నాలుగు,
అరిజోనాకు ఎల్లిపోతున్న పండ్ల డాక్టరు అమ్మినయి.
నేల తూటుకు నా కేకుల రేకుతట్ట కత్తిరించి బిగిచ్చినం,
ఇప్పటికీ దాని మీద వెన్న మరక కనపడ్తది.
హీటరు గొట్టంల నీళ్లు ఎదురు కొడితే
మరిగి మరిగి మాడిన చాయ్ అసొంటిది
బకెటు నిండ బయటికొచ్చింది.
పానా జారి నా బొటనవేలు చీరుకపోయింది.
హోదాన్ సోమాలీల తిట్టింది, నేను తెలుగుల తిట్టిన,
ఏ తిట్టు తాకిందో ఏమో
నట్టు వదిలింది.

ఆస్పత్రి లాండ్రీల ఆమెది పగటి డ్యూటీ, నాది రాత్రిది.
కారుకు రెండూ.
ఆగిన కాడల్ల దాని ముక్కుల కెల్లి వేలాడే వైరు గుంజి
గోడ ప్లగ్గుకు పెడ్తం, గుంజకు కట్టేసినట్టు.
ఎచ్చగ నెమరేసుకుంట నిలబడ్తది.

ఒక్క ఫ్యానే మాట ఇనలే.
ఫ్యూజు మార్చినం. మోటరు తుడిచినం. బుదరకిచ్చినం.
నాలుగు రోజులు తిరుగుతది, అయిదోనాడు అలుగుతది.
అలిగిననాడు అద్దం లోపట మా ఊపిరే మంచైతది,
లైబ్రరీ కార్డుతోని గీక్కుంట కొండ దిగుతం.

జనవరి. సున్నాకు కింద ఇరవై ఎనిమిది.
అన్నం గంజి వంచినట్టు సరస్సు మీద పొగలు.
డ్యూటీ దిగి వస్తుంటే బస్సు గూట్ల ఒక టోపీ,
టోపీ కింద కివెలా.
కంటి డాక్టరు దగ్గరికట. బస్సు రాలేదట.
ఎక్కిండు. పక్కసీట్ల కూసున్నా
ఆయన కుడికాలు బ్రేకు కోసం వెతుకుతనే ఉన్నది.

నాలుగో వీధి మలుపుల ఫ్యాను ఆగింది.
ఆయన బయటికే చూసుకుంట
పిడికిలితోని గ్లవ్‌బాక్సు కింద ఒక్కటేసిండు.
ఏం కాలే. ఇంకోటేసిండు.
ఫ్యాను గుర్రుమని లేచింది.
"ఇల్మాకైతే ఒక్క దెబ్బే" అన్నడు, కారుతోని.
అప్పుడు చూసిన, ఆయన పిడికిలి
ఆ గుంతల పట్టలే.

"ముందే చెప్పొద్దా?" అన్న.
"పద్నాలుగు వందలిస్తే చెప్పేటోణ్ణి."

మరునాడు పొద్దుగాల తాళంచెవి ఇచ్చుకుంట
హోదాన్‌కు ముచ్చటంత చెప్పిన.
ఆమె గ్లౌజు తీసి, పిడికిలి బిగిచ్చి,
కొట్టకుంట, ఊకె ఆ గుంతల పెట్టి చూసింది.
"దీనికి ఇరవై అడిగినవ్ నువ్వు" అన్నది.