గుర్రాలు తిరిగిన దారి

ముందే చెబుతున్నా, ఈ వీధికి మొదలూ లేదు, చివరా లేదు.
దారి తప్పితే కంగారు పడకండి,
నడుస్తూనే ఉండండి,
తిరిగి తిరిగి నా దగ్గరికే వస్తారు.

మెక్సికో నగరంలో కొండేసా అంటే ఇదే.
మీ ఫోన్లలో చూడండి,
పటం మీద ఎవరో కోడిగుడ్డు పెట్టి మర్చిపోయినట్టుంటుంది.
వందేళ్ళ కిందట దాని చుట్టూ గుర్రాలు పరిగెత్తేవి.
ఈకల టోపీల దొరసానులు, గుప్పిట్లో నలిగిన చీటీలు,
గెలిచినవాడి ఈల, ఓడినవాడి ఉమ్ము.
పందేలు మూతపడ్డాక
నేలను ముక్కలు కోసి అమ్మారు గానీ
గుర్రాల దారి చెరపడానికి ఎవరికీ చేతులు రాలేదు.
చెట్లు నాటి, బల్లలు వేసి,
ఆమ్‌స్టర్‌డామ్ అని పేరు పెట్టారు.
సముద్రం ఎక్కడో, మేమెక్కడో!

ఆ గుండ్రటి బాల్కనీల భవనం,
ఓడకున్నట్టు కిటికీలు,
నలభై ఏడో నంబరు.
మా అమ్మ దానికి కావలి.
ఆ ఇత్తడి పిడులు తోమీ తోమీ
అమ్మ ముద్ద పెట్టినా ఇత్తడి వాసనే.

మూడో అంతస్తులో దర్జీ జెల్మన్,
పోలండు నుంచి కత్తెర ఒక్కటే తెచ్చుకున్నాడు.
రెండో అంతస్తులో దోన్యా కొవదోంగా,
స్పెయిన్‌లో యుద్ధం ఓడి వచ్చిన పంతులమ్మ.
తలుపు వెనక పెట్టె సర్దే ఉండేది,
వచ్చే ఏడాది వెళ్ళిపోతానని.
నలభై ఏళ్ళు అదే మాట.
చివరికి ఆ పెట్టె మీద ఎక్కి
అమ్మ మెట్ల దగ్గర బల్బు మార్చేది.

ఇక్కడ కాసేపు ఆగుదాం. ఈ ఖాళీ స్థలం దగ్గర.
సెప్టెంబర్ పంతొమ్మిది, ఎనభై అయిదు.
ఏడు దాటింది. బడికి జడ వేయించుకుంటున్నా.
నేల లేచింది.
అమ్మ నన్ను పట్టుకోలేదు, జడని పట్టుకుంది,
వీధిలోకి వచ్చేదాకా వదల్లేదు.
ముప్ఫై రెండేళ్ళ తర్వాత, మళ్ళీ అదే తేదీ.
పొద్దున్నే కసరత్తు చేయించి,
భూకంపం వస్తే ఏం చేయాలో నేర్పి పంపారు.
మధ్యాహ్నం అదే వచ్చి పాఠం అప్పజెప్పించుకుంది.
రాళ్ళగుట్ట మీద ఒకడు పిడికిలి ఎత్తేవాడు.
ఎత్తగానే వీధంతా నోరు మూయాలి,
కింద ఎవరైనా ఊపిరి తీస్తున్నారేమో వినాలి.
కుక్కలు కూడా మొరగలేదు.
ఎవరూ నమ్మరు గానీ, మొరగలేదు.

ఫ్యాషన్ గురించి కదూ మీరు అడిగింది?
మొదటిసారి నేల కదిలాక డబ్బున్నవాళ్ళు పారిపోయారు,
అద్దెలు పడిపోయాయి,
బొమ్మలు వేసుకునే కుర్రాళ్ళు వచ్చారు.
వాళ్ళ వెనక కాఫీ వచ్చింది.
కాఫీ వెనక కుక్కలకి స్నానాల అంగడి,
దాని వెనక లాప్‌టాప్‌లు, డాలర్లు.
ఒకరోజు మాకో కాగితం వచ్చింది.
నేల కదిలినప్పుడు కదలనివాళ్ళం
కాగితానికి కదిలాం.

ఇప్పుడు ఎకతెపెక్‌లో ఉంటున్నా.
మినీబస్సు, మెట్రో, మళ్ళీ బస్సు, రెండు గంటలు.
పుట్టిన వీధిని చూపించడానికి
రోజూ పొరుగూరి మనిషిలా వస్తాను.
నవ్వండి, పరవాలేదు, నాకూ నవ్వొస్తుంది.

ఏమన్నారు? మీరు దిగింది నలభై ఏడులోనా?
మేడ మీద, నీళ్ళ ట్యాంకుల పక్క గదిలోనా?
నీలం తలుపు?
... బాగుందా గది?

రాత్రి గోడలో గుడగుడమంటే భయపడకండి,
అది ట్యాంకు నిండే చప్పుడు.
చిలగడదుంపల బండి ఈల వేస్తే
చెవులు మూసుకోకుండా కిందికి దిగి కొనుక్కోండి.
ఇంకో మాట.
కుళాయిని సగమే తిప్పండి.
పూర్తిగా తిప్పితే పైపు వదులై
కింద జెల్మన్ గారి పైకప్పు కారుతుంది.
ఆయన పోయి చాలా ఏళ్ళైంది.
అయినా
సగమే తిప్పండి.