నడిమి ముక్క

మాఘ పున్నమి రెండు రాత్రులు
మా ట్యాంకరు పస్రా అవతల ఇరుక్కున్నది.
ముందర జాతర బండ్లు, ఎనక జాతర బండ్లు,
బంగారమని మొక్కే బెల్లం ముద్దల మీద
తల పెట్టి పండుకున్న పిల్లలు.
యాకూబ్ మియా ఫోన్‌ల చెప్పిండు:
"సల్లారనియ్యలే మేడం, బర్నర్ బంద్ పెట్టలే."
నిజమే. వేడి ఉన్నది.
కలిపే చెయ్యి లేదు.

మూడోనాడు పొద్దుగాల దామెర ప్లాంటుకు చేరింది.
చూస్తే అంతా ఒక్కటే నలుపు.
మొగిలి పొడుగు గంటె ముంచి లేపి
"మా మేనమామ మీసం లెక్క నిగనిగమంటుంది" అన్నడు.
నలుపుల ఏదైనా దాక్కుంటది మొగిలీ,
పైనుంచి ఒక డబ్బా, అడుగునుంచి ఒక డబ్బా పట్టు.

పైది వేలికి సాగింది, జీడిపాకం తీగ.
అడుగుది పుటుక్కుమంది.

కాంట్రాక్టరు రాజేశం చెప్పు విప్పకుండనే ల్యాబుల జొచ్చిండు.
"వాడు దార్ల నిద్రపోయి సరుకు కరాబు చేసిండు,
కిరాయి కోస్త. నువ్వు రాసియ్యి."
గోడకు ఆనుకుని యాకూబ్ మియా
టోపీ తీసి మళ్ళ పెట్టుకున్నడు.

నాకు తెలిసింది కొంచెమే.
రబ్బరు గింజలు తారుల కరుగవు, ఉబ్బుతయి.
అటుకులు పాలు తాగినట్టు
తారులోని పలుచటి నూనెలు తాగి
ఒకదాన్నొకటి పట్టుకుని వల అల్లుతయి.
ఆ వల ఉంటేనే
మే నెల మిట్టమధ్యాహ్నం గ్రానైట్ లారీ కింద
రోడ్డు గాడి పడకుండ ఆగుతది.
తారు ఏ దేశపు బావిదో, రబ్బరు ఏ ఫ్యాక్టరీదో,
పొత్తు కుదిరితే కుదిరినట్టు.
లేకుంటే పచ్చిపులుసు గిన్నె లెక్కనే
తేట మీదికి, మడ్డి కిందికి.
చప్పుడు కూడ రాదు.

చిటికెడు గంధకం వేస్తే ముడి బిగుస్తదట.
ఈ సరుకుల ఆ చిటికెడు పడ్డదో లేదో
కాగితం మీద రాయలేదు.

అందుకే రాజేశం సారుకు చెప్పిన, రెండు రోజులాగు.
ట్యాంకు తిప్పి తిప్పి బాగ కలిపినంక
అల్యూమినియం గొట్టాల పోసి, మూతి మడిచి
ఓవెన్ల నిలువుగ నిలబెట్టిన.
నూట అరవై మూడు డిగ్రీలు, నలభై ఎనిమిది గంటలు.
ఇక్కడ జాతర లేదు, యాకూబ్ మియా లేడు.
నిద్రపోయెటోడే లేడు.
ఆ రెండు రాత్రులు ఆయన లారీ కిందనే చాప పరుచుకున్నడు,
మొగిలి గట్క తెచ్చి పెట్టిండు.

గొట్టాన్ని ఫ్రిజ్జుల గడ్డకట్టించి
రంపంతో మూడు ముక్కలు కోసిన.
పై ముక్క, కింది ముక్క
ఇత్తడి ఉంగరాలల్ల పోసి
మీద చెరొక ఉక్కు గోలీ పెట్టిన.
నీళ్ళు కాగుతుంటే అందరం గాజు పాత్ర చుట్టు చేరినం.
యాభై ఎనిమిదికి ఒక గోలీ జారింది.
రెండోది జారలే.
అరవై ఐదు. అరవై ఎనిమిది.
రాజేశం వాచీ చూసుకున్నడు.
డెబ్బై ఒకటికి, నల్లటి కన్నీటి బొట్టు లెక్క, దిగింది.

మూడు డిగ్రీల తేడా దాక మాఫీ.
ఇది పదమూడు.
రిజిస్టర్ల రాసిన:
సరుకుల పొత్తు లేదు, వాపసు. రవాణా దోషం కాదు.
రాజేశం సంతకం చేసేటప్పుడు పెన్ను రెండుసార్లు ఆగింది,
సిరా అయిపోయిందన్నడు.

నడిమి ముక్కను ఏ పరీక్షా అడుగదు.
దానికి అంకె ఉండదు, గడి ఉండదు.
చెత్తడబ్బాల వేయబోతే
మొగిలి అడిగి తీసుకపోయిండు.
అప్పటిసంది కోసినవన్ని ఆయనకే.

ఆషాఢంల మొదటి వాన పడ్డనాడు
నా టేబుల్ మీదికి బకెట్ జరుపుకుంట తలెత్తి చూసిన.
రేకు కప్పుకు ప్రతి మొల చుట్టు
వేలితో అద్దిన నల్లటి బొట్టు.
బకెట్ ఖాళీగనే ఉన్నది.