మరి ఐదు నిమిషాలలో

ఇమ్లీబన్ అంటే చింతతోపు.
పేరు వింటేనే నోరూరాలి.
ఆ బస్టాండు మైకులో పందొమ్మిదేళ్లుగా
నా గొంతు ఉద్యోగం చేస్తోంది.
"దేవరకొండ వెళ్లు బస్సు మరి ఐదు నిమిషాలలో
బయలుదేరును" అనబోతే
ఒకరోజు నాలుక అంగిలికి అతుక్కుపోయింది.
మైకులో చప్పుడొకటే వెళ్లింది,
ఎండిన గోడ మీంచి పోస్టరు చించినట్టు.

కంట్రోలరు జహంగీర్ సాబ్ నీళ్ల సీసా జరిపాడు.
తాగాను. తాగుతూనే ఉన్నాను.
నీళ్లు వేరు, ఊట వేరు.
కిటికీ అవతల మూసీని రోజూ చూస్తూ కూడా
నలభై ఆరేళ్లకు గాని తెలియలేదు.
రోజుకు రెండొందల ఊర్లు పలికే నోరు
ఊరడం మానేసింది.

ఏసీ గది అన్నారు, దుమ్ము అన్నారు.
"ఆ వయసు గదా వదినా" అంది ఆడబిడ్డ.
మలక్‌పేట డాక్టరు షుగరు చూసి, లేదని తేలాక
తప్పును మనసు మీదికి నెట్టాడు.
పళ్లాయన మూడింటికి సిమెంటు పెట్టి
మిఠాయి తగ్గించమన్నాడు.
తిని ఎన్నాళ్లయిందో అడగలేదు.
కళ్లాయన చుక్కలిచ్చాడు.
పొద్దున్నే వేళ్లు ముడుచుకుపోతే
అదింకో చీటీ, ఇంకో క్యూ.
ఒక్కో అవయవం ఒక్కో ప్లాట్‌ఫారం మీద నిలబడింది.
అన్నీ ఎదురుచూసేది ఒకే బస్సు కోసమని
ఎవరూ అనౌన్సు చేయలేదు.

ఉస్మానియా బిస్కెట్ నోట్లో ఇసుక.
చాయ్‌లో ముంచి, కరిగించి, తాగడమే.
కిలో ఉల్లిగడ్డ తరిగినా కన్ను చెమ్మగిల్లకపోతే
మా చిన్నోడు బడంతా చెప్పొచ్చాడు
అమ్మకు పవరొచ్చిందని.

పంజాగుట్ట పెద్ద దవాఖానలో డాక్టర్ నుస్రత్
కింది రెప్పకు సన్నటి కాగితం పట్టీ తగిలించింది.
"కళ్లు మూసుకో అక్కా. ఐదు నిమిషాలు."
నేను చెప్పే ఐదు నిమిషాలు
పదో, ఇరవయ్యో, పంక్చరైతే గంటో.
ఈ ఐదు మాత్రం ఐదే.
తీసి చూస్తే తడి రెండు గీతలు పాకింది.
రెండో కంట్లో ఒకటిన్నర.

తర్వాత పెదవి లోపల్నుంచి
ఆవగింజంత గ్రంథులు నాలుగు తీశారు.
రక్తంలో 'రో' అనేదాని మీద పగబట్టినవేవో దొరికాయట.
రోగంలో మొదటక్షరమా అంటే
డాక్టరమ్మ నవ్వింది. నవ్వి, బొమ్మ గీసింది:
కావలి కాసే కణాలు
ఉమ్మి ఊరే చోట, కన్నీరు ఊరే చోట గుంపు కట్టి
సొంతిల్లును పరాయిదనుకున్నాయి.
నాకు నా భాషలో అర్థమైంది.
చెకింగ్ స్క్వాడు బస్సెక్కి
టికెట్టున్నవాళ్లను, పాసున్నవాళ్లను దింపి,
ఆఖరికి డ్రైవరును కూడా దింపేసింది.

పేరు షోగ్రెన్. పలకడానికి కూడా తడి కావాలి.
"ఎందుకొచ్చింది?"
"పూర్తిగ ఎవ్వరికీ తెల్వదు.
కొంత పుట్టుకతో, కొంత ఎప్పటిదో వైరస్ కావచ్చు.
ఆడోళ్లకే ఎక్కువ.
నువ్వు చేసిన తప్పేం లేదు."
ఆ చివరి మాటకు ఏడుపొచ్చింది.
కన్నీళ్లు రాలేదు. ఏడుపొచ్చింది.

ఇప్పుడు మైకు పక్కన చుక్కల సీసా,
చక్కెర లేని చూయింగ్ గమ్,
పొద్దున ఒకటి రాత్రి ఒకటి మాత్ర.
మూడు నెలలకోసారి రక్తం, ఏడాదికోసారి కళ్లు.
పోలేదు, పోదట. కానీ కుదురుకుంది.
పండగ రద్దీలో నేను అలిసిపోతే
పన్నెండేళ్ల కిందటి నా రికార్డు పెడతారు.
ఆ గొంతు ఇంకా తడిగా ఉంది.
ఎవరో చెల్లెలు పలుకుతున్నట్టు వింటాను.

మొన్న, అచ్చంపేట బస్సు కండక్టరు బాలమణి
టిఫిను ముందు పెట్టుకుని
ముద్దకో గుటక, ముద్దకో గుటక.
మధ్యలో కళ్లు నలుపుకుంటోంది.
మైకు ఆపి కిందికి దిగాను.

"ఉల్లిగడ్డ కోస్తే నీళ్లొస్తున్నయా, బాలమణీ?"