చీటీ మూలన చుక్క

పెరంబూరులో మా స్కాన్ సెంటరు.
కింద కాఫీ కొట్టు, పైన మేము.
లిఫ్టు లేదు. నడుం నొప్పివాళ్ళు
ఇరవై రెండు మెట్లు ఎక్కే వస్తారు.

చీటీ కుడి మూలన నీలం చుక్క ఉంటే
ఇళంగో గారు పంపిన మనిషి.
రెండు చుక్కలైతే ఎదురు సందు ఎముకల డాక్టరు.
చుక్కలు లెక్కపెట్టడం నా పని.
నెలాఖరున వాటిని కవర్లలో పెట్టి
ఎవరివి వాళ్ళకు ఇచ్చి రావడం కూడా.

కొత్త మిషను దిగిన రోజు
గుమ్మడికాయ కొట్టాం, బొట్టు పెట్టాం.
వాయిదా నెలకు తొమ్మిది లక్షలు.
ఆ నెల నుంచే మా పేటలో తలనొప్పులు పెరిగాయి.
అంతకుముందు అమృతాంజనం రాస్తే పోయేవి,
ఇప్పుడు ఫోటో తీస్తే గాని కదలమంటున్నాయి.

ఎవరూ అబద్ధమాడలేదు, అదే తమాషా.
"ఎందుకైనా మంచిది, ఒకసారి చూసేద్దాం"
అంటారు ఇళంగో గారు, వెన్నలాంటి గొంతుతో.
మంచిదే.
ఎవరికని అడిగినవాళ్ళు లేరు.

సూళ్లూరుపేట నుంచి మెమూలో వచ్చింది మునెమ్మ.
ముప్ఫై ఏళ్ళు చేపల బుట్ట మోసిన మెడ.
నోట్లు లెక్కపెడితే నా వేళ్ళకి నీసు అంటింది.
సాయంత్రం రిపోర్టు చేతికిచ్చి
ఏమీ లేదమ్మా అన్నాను.
"ఇంత డబ్బు పోస్తే
ఏమీ లేదా సామీ?"
మోసపోయినట్టు చూసింది,
ఏదో ఒకటి ఉంటే బాగుండునన్నట్టు.
నేను నవ్వాను. అప్పుడు.

పోయిన నెల నా నడుం పట్టేసింది.
ఇళంగో గారు వేలితో నొక్కి చూశారు, ఫీజు వద్దన్నారు.
"నీకెందుకయ్యా స్కాను?
చాప మీద పడుకో, పొద్దున్నే నడువు,
మూడు వారాల్లో అదే పోతుంది."
చీటీ రాయలేదు.
మునెమ్మకి చెప్పాల్సిన మాట
నాకు ఊరికే దొరికింది.

సంతోషించాలి కదా.
మూడో రాత్రి నరం కాలిదాకా లాగింది.
అవసరం లేదు గనక వద్దన్నాడా,
నా మీద వచ్చేదేం లేదు గనక వద్దన్నాడా?
పదకొండేళ్ళుగా చుక్కలు లెక్కపెట్టినవాణ్ణి,
నిజం ఎదురొచ్చి పలకరిస్తే
ఏ ఊరు మీది అని అడుగుతున్నాను.

ఐదింటికి వెళ్ళి తాళం తీశాను.
రూలు ప్రకారం తాళాలు, చిల్లర, బెల్టు
ట్రేలో పెట్టి
బల్ల మీద పడుకున్నాను.
టెక్నీషియను రాలేదు. ఏ స్విచ్చీ నొక్కలేదు.
చల్లగా ఉంది. నెత్తిమీద
ఆనాటి కుంకుమ మరక ఇంకా పోలేదు.

పది నిమిషాలు.
కింద కాఫీ గ్లాసులు కడుగుతున్న చప్పుడు.

నొప్పి తగ్గినట్టే అనిపించింది.
ఎంత కట్టాలో, ఎవరికి కట్టాలో తెలియక
కాసేపు అక్కడే కూచున్నాను.